పదనెరిగిన చేయి

తొలకరి వాన కురిసి నేల తగుమాత్రముగా నానినపుడు, అనగా అరక కట్టినచో మట్టి నాగలికి అంటుకొనక, పెళ్లలుగా లేవక, వ్రేళ్ల సందున పొడిపొడిగా రాలునంతటి తడి నిలిచినపుడు, మన రైతు నేల పదను మీద నున్నదనును. కొలిమిలో కాగి, నూనెలో మునిగి, మరల మితమైన వేడిమి నోర్చి, మెత్తదనమును పెళుసుదనమును రెంటిని విడనాడిన ఉక్కును గూర్చి కమ్మరి అదే మాట పలుకును. కూరగాయలు తరుగు ఇల్లాలు తన కత్తిపీటను గూర్చి పలుకునదియు ఆ మాటయే. ఒకే పదము పొలమున, కొలిమిలో, వంటింట చెల్లుటలో గొప్ప అర్థమున్నది. ఒక వస్తువు తాను చేయవలసిన పనికి సరిగా సిద్ధపడిన స్థితికి తెలుగువారు పెట్టుకొన్న పేరు పదను. తీరికవేళ తన చేతితో ఒక కత్తిని చేసికొనువాడు అభ్యసించు విద్య యంతయు ఆ స్థితిని కంటితో, చెవితో, చేతితో గుర్తించుటయే. ఆ విద్యను మొదటినుండి చివరివరకు, నేను చేసిన తప్పులతో సహా, ఈ అధ్యాయమున వివరింపదలచితిని.

దినమంతయు కాగితముల మీదను కంప్యూటరు తెరల మీదను పొద్దుపుచ్చువారికి ఒక చిక్కు కలదు. వారు చేసిన పని మంచిదో చెడ్డదో పైయధికారి చెప్పవలెను, లేదా సంవత్సరాంతమున లెక్కలు చెప్పవలెను. పని తనంతట తాను చెప్పదు. కత్తి అట్టిది కాదు. టమాటా పండు తొక్కమీద మోపిన క్షణముననే అది కోయునదో నలుపునదో చేసినవానికి తెలిసిపోవును. పొగడ్త గాని సాకు గాని అచ్చట చెల్లదు. పైగా ఇది చిన్న వస్తువు. బల్లయో మంచమో చేయబూనినవాడు సగములో విసిగి విడిచిపెట్టవచ్చును గాని, నాలుగంగుళముల అలుగు గల చాకు ఆరేడు ఆదివారములలో ముగియును. ఆ కొద్దికాలములోనే లోహము, నిప్పు, కొయ్య, రాయి అను నాలుగింటి స్వభావము చేతికి కొంత పరిచయమగును.

నా మొదటి కత్తి కథ చెప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. ఇనుపకొట్టులో మెరయుచున్న ఒక పట్టీని కొని, మూడు ఆదివారములు ఆకురాయితో రాచి, దాని వెన్నుమీద లతను దీర్చి, పిడికి ఇత్తడి చీలలు దిగగొట్టి, మిత్రులందరును మెచ్చుకొనగా ఉబ్బిపోయి, మా అమ్మ చేతికిచ్చితిని. ఆమె దానితో కందగడ్డ తరుగబోయెను. రెండవ నాటికే అంచు మడతపడిపోయినది. ఆమె నన్ను నొప్పింపనొల్లక, ‘బాగుంది నాయనా, గోడకి తగిలించుకో’ అని, తన పాత కత్తిపీటను దగ్గరకు లాగికొన్నది. రెండవ కత్తిని పాత ఆకురాయితో చేసితిని. నూనెలో ముంచగా అది రాయివలె గట్టిపడినది గాని, ఆ సంతోషములో తరువాతి క్రియను మరునాటికి వాయిదా వేసితిని. ఆ రాత్రియే అది బల్లమీదినుండి కడపరాతి నేలమీద పడి గాజుగ్లాసువలె రెండు తునుకలైనది. మొదటిదానికి కాఠిన్యము చాలలేదు, రెండవదానికి మిక్కుటమైనది, రెంటికిని పదను లేకపోయినది. మొదటిదాని వెన్నుమీది లత ఎంత అందముగానున్నను ఆ లోటును తీర్చలేకపోయినది.

ఉక్కు

మెత్తని ఇనుమునకును ఉక్కునకును గల భేదము ముఖ్యముగా కర్బనములో నున్నది. కొట్లలో మైల్డ్ స్టీలని అమ్ము పట్టీలలో కర్బనము సాధారణముగా నూటికి పావుపాలు మించదు. ఎంత కాల్చి ఎంత ముంచినను దానికి పదను పట్టదు. నా మొదటి కత్తి అట్టి పట్టీయే. కత్తికి నూటికి 0.6 మొదలు 1 పాలు వరకు కర్బనముగల ఉక్కు కావలెను. 1084 అను అంకెతో అమ్ము ఉక్కు నూతనాభ్యాసికి మిక్కిలి అనుకూలము. ఆ సంఖ్యలోని చివరి రెండంకెలు నూటికి సుమారు 0.84 పాళ్ల కర్బనమున్నదని తెలుపును. లారీల కమానుపట్టీలు, అరిగిన ఆకురాళ్లు తక్కువ వెలకు దొరకును గాని, కమానుపట్టీ యెన్నో యేండ్లు గతుకులలో వంగి వంగి కంటికి కనబడని పగుళ్లను దాచుకొనియుండవచ్చును. చౌకరకపు ఆకురాయి పైపొర మాత్రమే గట్టిదై లోపల మెత్తని ఇనుమై యుండవచ్చును. కావున మొదట రకము తెలిసిన కొత్త ఉక్కును కొనుడు; ఆదా చేసిన నూరు రూపాయలు ఆరేడు ఆదివారముల శ్రమకు సరిరావు.

తెలియని ముక్క చేతబడినచో నిప్పురవ్వలు దాని జాతిని కొంతవరకు చెప్పును. తిరుగుచున్న సానచక్రమునకు ఆనించినపుడు మెత్తని ఇనుము నుండి పొడవైన రవ్వలు తీగెలవలె సాగి, అంతగా చీలక ఆరిపోవును; కర్బనము హెచ్చుగా గల ఉక్కు నుండి పుట్టు రవ్వలు దీపావళినాటి కాకరపువ్వొత్తివలె గుత్తులు గుత్తులుగా చిటపటలాడును. పాత వస్తువు గట్టిగా నున్నచో, దానిని ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో కప్పి రాత్రంతయు నెమ్మదిగా చల్లారనిచ్చినచో, ఆకురాయి పట్టునంతటి మెత్తదనము వచ్చును.

రూపము

ఉక్కును కోయుటకు ముందు అట్టను కోయుడు. గట్టి అట్టతో పిడి, అలుగు కలిపి నిజమైన పరిమాణమున ఒక కత్తిని కత్తిరించి, దానిని పట్టుకొని బెండకాయలు తరుగునట్లు, మామిడికాయ చెక్కునట్లు రెండుమూడు దినములు అభినయించి చూడుడు; ఎవరికొరకు చేయుచున్నారో వారి చేతికిచ్చి అడుగుడు. మొదటి చాకునకు నాలుగైదు అంగుళముల అలుగును, దాదాపు అంతటి పిడియు, రెండు మూడు మిల్లీమీటర్ల మందమును చాలును. పిడిలోనికి పోవు తోక పిడియంత పొడవును వెడల్పును గలదిగా నుండుట మేలు. రెండు ప్రక్కల కొయ్యరేకులు అంటించి చీలలు దిగవేయుటకు అది సులువు, బలమును హెచ్చు.

అటుపిమ్మట రంపముతో స్థూలరూపమును కోసి, పట్టుచట్రమున బిగించి, ఆకురాయి పట్టవలెను. ఆకురాయి ముందుకు పోవునపుడు మాత్రమే కోయును. వెనుకకు తెచ్చునపుడు ఎత్తనిచో పండ్లు మొద్దుబారును. అంచు వెంట నడిమిగీత నొకటి గీసికొని, ఇరుప్రక్కలను సమముగా రాచుచు ఆ గీతను సమీపింపవలెను గాని దాటరాదు. నిప్పుకు పోవుటకు ముందు అంచు మిల్లీమీటరు మందమున నిలుపవలెను. అంతకంటె పలుచనైనచో కాలునపుడు వంకరపోవును, లేదా కర్బనమును కోల్పోవును. చీలలకు రంధ్రములును ఇప్పుడే వేయవలెను. పదను పట్టిన ఉక్కును మామూలు బరమా కొరకదు. పట్టీలు తిరుగు సానయంత్రము ఈ పనిని గంటలో ముగించునన్న మాట నిజమే. గంటలో ముగించునది నిమిషములో చెరుపగలదు. ఒక కత్తినైనను ఆకురాయితో చేసినవాడే ఆ యంత్రమును వశపరచుకొనును.

ఈ పనియందు కొన్ని నియమములు తప్పనిసరి. కండ్లకు అద్దములు, ముక్కునకు ముసుగు లేక సాన పట్టరాదు. ఉక్కుపొడియు కొయ్యపొడియు ఊపిరితిత్తులకు శత్రువులు. తిరుగు యంత్రముల చెంత చేతితొడుగులు, వ్రేలాడు చొక్కాచేతులు ఉండరాదు. బరమాతో రంధ్రము వేయునపుడు ఉక్కును చేతితో పట్టక బిగించియే వేయవలెను. అంచు రూపొందినది మొదలు, పిడిపని ముగియువరకు దానికి మందపు పట్టీ చుట్టియుంచవలెను.

కొలిమి

మీ సమీపగ్రామమున నేటికిని కొడవళ్లకు కక్కు పెట్టు కమ్మరి యొకడున్నచో, మొదట అతని చెంతకు పొండు. చదివిన నాలుగు పుటలను అతనికి వినిపింపక, కమ్మరివీధిలో సూదులమ్మబోక, ఒక దినమంతయు తిత్తి ప్రక్కన ఊరక కూర్చుండి, అతని రోజుకూలికి తగిన ధనమిచ్చి, ఎప్పుడు ఊదుచున్నాడో, ఎప్పుడు ఆపుచున్నాడో చూడుడు. అతడు కొలిమిని నీడపట్టున నడుపుట ఎండకు వెరచి మాత్రము కాదు. వెలుగు హెచ్చైన చోట ఎరుపులోని భేదములు కంటికి అందవు. మీరు ఇంటి పెరటిలో నిప్పిటుకలతో చిన్న కొలిమి కట్టుకొన్నచో సంధ్యవేళ పని పెట్టుకొనుడు.

రంగును గుర్తింపలేనివానికి అయస్కాంతము గురువగును. ఇనుము సుమారు 770 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి అయస్కాంతమునకు అంటుకొను గుణమును కోల్పోవును. అలుగు అంతటను అంటుట మానిన పిదప, రంగు ఇంకొక్క మెట్టు ప్రకాశించువరకు కాచి, జాగుచేయక నూనెలో దింపవలెను. అంతకంటె మితిమీరి కాచినచో ఉక్కులోని రేణువులు పెరిగి, పిదప ఎంత జాగ్రత్తపడినను విరుగును. నూనెకు వేరుశెనగనూనె చాలును. దానిని 50 డిగ్రీల వరకు వేడిచేసియుంచినచో పలుచనై ఉక్కులోని వేడిని త్వరగా లాగును. పాత్ర లోహపుదై, ఎత్తైనదై, మూత గలదై యుండవలెను, ఆరుబయట నుండవలెను. నూనె మంటపట్టుట సహజము. మూత వేసి ఆర్పవలెను గాని దానిమీద నీరు చల్లరాదు, చల్లినచో మంట మీదికెగయును. కత్తిని మొన క్రిందుగా నిట్టనిలువున దింపి, పైకి క్రిందికి కదపవలెను. ప్రక్కలకు కదపినచో వంగిపోవును.

బయటకు తీసి, చల్లారిన తరువాత అంచుమీద ఆకురాయి పెట్టి చూచినచో, అది కోయక జారి, గాజుమీద గీచినట్లు కీచుమనవలెను. ఆ ధ్వని వినినపుడు కలుగు సంతోషమే ప్రమాదకరమైనది. నా రెండవ కత్తి ఆ సంతోషమునకే బలియైనది. అప్పటి ఉక్కు గట్టిదే గాని ఓర్పులేనిది. ఆ దినముననే, ఆ గంటలోనే, దానిని శుభ్రము చేసి, రొట్టెలు కాల్చు ఓవెనులో 200 డిగ్రీల వద్ద గంటసేపు ఉంచి, చల్లార్చి, మరియొక గంట ఉంచవలెను. తెల్లగా తోమిన ఉక్కుమీద లేత ఎండుగడ్డి రంగు ప్రాకును. వేడిమి హెచ్చినకొలది ఆ రంగు గోధుమవన్నెగా, ఊదాగా, 300 డిగ్రీల చెంత నీలముగా మారును. నీలమునకు పోయినది స్ప్రింగునకు తగును, కూరలు తరుగు అంచునకు ఎండుగడ్డి రంగే తగును. కొంత కాఠిన్యమును విడిచి కొంత ఓర్పును గడించిన ఈ స్థితియే మన కమ్మరి చెప్పు పదను.

పిడి

పిడికి ఎండి ఆరిన కొయ్యయే వాడవలెను. పచ్చికొయ్య తరువాత కుదించుకొని ఉక్కును విడిచిపోవును. తుమ్మ, చింత, జిట్రేగి గట్టి కొయ్యలు. రేకులను ఎపాక్సీ జిగురుతో అంటించి, ఇత్తడి చీలలు దిగవేసి, ఒక రాత్రి పగలు బిగించియుంచి, 120, 220, 400 అంకెల గరుకుకాగితములతో వరుసగా రుద్ది, అవిసెనూనె పలుమారులు పట్టింపవలెను. పిడి అడ్డుకోత గుండ్రముగా నుండరాదు; కోడిగ్రుడ్డువలె ఒకవైపు సన్నగిల్లియున్నచో, చూడకయే అంచు ఎటున్నదో అరచేతికి తెలియును.

అంచును పెట్టుట చివరి పని. నీట నానిన సానరాతిమీద, ప్రక్కకు 15 మొదలు 20 డిగ్రీల వంపున, ఆ వంపు చెదరకుండ రాచినచో, రెండవప్రక్కన బొటనవ్రేలికి తగులునంతటి సన్నని గరుకు లేచును. అది లేచినచో ఈ ప్రక్క ముగిసినదని గుర్తు. రెండవ ప్రక్కను అట్లే రాచి, మెత్తని రాతికి మారి, తుదకు తోలుపట్టీమీద వెనుకకు లాగినచో గరుకు రాలిపోయి అంచు నిలుచును.

నగిషీ

అలంకారమును గూర్చి మాటాడుటకు ఇప్పుడు తగిన సమయము వచ్చినది. ఉక్కునకు తెలుగునేల చేసిన అలంకారము లోకప్రసిద్ధమైనది. అది పైనుండి పెట్టినది కాదు. తెలంగాణమున నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమునందును, నిర్మల్ మొదలగు ఇతర తావులయందును మూసలలో కరగించి చేసిన ఉక్కుగడ్డలు పారశీక దేశమునకు పోయెడివి. పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమున కోనసముద్రమును చూచిన హెన్రీ వాయ్సీ అను వైద్యుడు అచ్చటి మూసలను, కొలుములను, ఉక్కుకై ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుని వర్ణించి వ్రాసెను. పాశ్చాత్యులు ఆ ఉక్కును వూట్జ్ అనిరి. తెలుగు కన్నడముల ఉక్కు అను మాటయే అట్లు మారినదని పండితుల యభిప్రాయము. మైకేల్ ఫారడే 1819లో దానిని విశ్లేషించి, అటుపై దానిననుకరింప ప్రయోగములు చేసెను. ఆ ఉక్కులో కర్బనము నూటికి ఒకటిన్నర పాళ్లకు చేరువగా నుండును. ఆ కర్బనము ఇనుముతో కూడి ఏర్పడిన కఠినకణములు, గడ్డ నెమ్మదిగా చల్లారుటవలనను, మితమైన వేడిమిలో పలుమారులు సాగగొట్టుటవలనను, వరుసలు దీరి, ఆమ్లముతో కడిగినపుడు నీటియలలవలె కన్పట్టును. డమాస్కసు ఖడ్గములని ప్రసిద్ధి కెక్కిన వాని మీది అలలు అట్టివే. ఇప్పుడు డమాస్కసని అమ్ము కత్తులు ప్రాయికముగా రెండు రకముల ఉక్కుపొరలను ఒకదానిపై నొకటి పేర్చి, కాచి, అతికి మడచినవి; అందమైనవే గాని, పూర్వపువానితో జ్ఞాతిత్వము లేదు. సహనముతో కాచి సాగగొట్టిన పనియే ఆ ఉక్కున అలలై నిలిచినది. మన నగిషీలకు ఇంతకంటె మంచి గురువు లేదు.

ఆ గురువు మార్గమున మనకందు తొలి నగిషీ మిక్కిలి సులభము. కర్బనపు ఉక్కుతో ఉల్లిపాయలు, మామిడికాయలు, నిమ్మకాయలు తరుగగా తరుగగా నీలము, బూడిదవన్నె కలిసిన మబ్బులవంటి పొర ఏర్పడును. అది త్రుప్పు కాదు. ఎర్రని త్రుప్పును కొంత నిలువరించు పొర. వాడిన వెంటనే కడిగి తుడిచి, అప్పుడప్పుడు కొబ్బరినూనె రాయుచున్నచో సంవత్సరములకొలది నిలుచును.

అక్షరములు గాని చిన్న బొమ్మ గాని చెక్కదలచినచో గోళ్లరంగుతో ఆ చోటు తప్ప చుట్టుప్రక్కలను కప్పి, 9 వోల్టుల బ్యాటరీ ధనధ్రువమును అలుగునకు, ఋణధ్రువమును ఉప్పునీట తడిపిన దూదికి కలిపి, కొన్ని క్షణముల చొప్పున అద్దినచో ఉక్కు కొద్దికొద్దిగా కరగి గుర్తుపడును. గాలి వీచు చోటనే దీనిని చేయవలెను. క్రోమియము గల తుప్పుపట్టని ఉక్కుమీద చేయరాదు. వెన్నుమీద సన్నని ఆకురాళ్లతో లతను దీర్చుట నగిషీలలో రమ్యమైనది గాని, కొలిమికి పోకముందే చేయవలసినది. కావున అలుగు పదను నిలుచునని నమ్మకము కుదిరినవాడే, అనగా కనీసము రెండవ కత్తి చేయువాడే, దానికి పూనుకొనవలెను. ఉక్కు పైభాగమును సన్నని అడ్డునిలువు గీతలతో గరుకుచేసి, బంగారు వెండి తీగెలను పరచి కొట్టి అతుకు కోఫ్తగరి పని దీనికి పై మెట్టు. దానిని గురువు చెంత నేర్వవలెను.

పిడికి ఏటికొప్పాక లక్కపని మిక్కిలి శోభించును. వరాహనది ఒడ్డున నున్న ఆ గ్రామమున అంకుడుకొయ్యను తరిమెనమీద తిప్పుచు, రంగులక్కకడ్డీని ఆనించినచో రాపిడివేడికే లక్క కరగి కొయ్యకు పట్టును. మొగలి ఆకుతో రుద్దినచో అద్దమువలె మెరయును. అయితే లక్క వేడికి మెత్తబడు ద్రవ్యము. ఫలములు కోయు చాకునకు అది భూషణము. పొయ్యి ప్రక్కన నుండి, వేడినీట కడుగబడు కత్తికి దోషము. ఏ నగిషీకైనను ఇదే పరీక్ష: పట్టుకు అడ్డుపడునా, నీటికి తాళునా, కడుగుటకు వీలగునా? ఈ మూడింట తప్పినచో ఎంత అందమైనను విడువుడు.

చట్టమును గూర్చి ఒక మాట. 1959 ఆయుధచట్టము కేవలము గృహకృత్యములకును వ్యవసాయమునకును ఉద్దేశించిన వస్తువులను ఆయుధములలో చేర్చలేదు. దానినాశ్రయించిన నియమములు మాత్రము 9 అంగుళములకంటె పొడవైన, లేక 2 అంగుళములకంటె వెడల్పైన అలుగు గల ఆయుధములను ప్రత్యేకముగా పేర్కొనుచున్నవి. వంటింటి చాకులు, తోటపని కత్తులు చేయుచు ఆ కొలతలకు లోబడియుండుట గృహస్థునకు క్షేమము. పొడవైన బాకులు చేసి గోడకు వ్రేలాడదీయు మోజును ఆదిలోనే అణచుకొనుడు.

చివరకు నా విన్నపమొకటి. మీ మొదటి మంచి కత్తికి ఏ నగిషీయు పెట్టకుడు. దానిని వంటింటికిచ్చి ఆరు నెలలు ఊరకుండుడు. అంచు ఎన్నినాళ్లకు మొద్దుబారుచున్నదో, పిడి ఎచ్చట చేతిని ఒత్తుచున్నదో, వాడువారు దానిని చేతికందు చోట ఉంచుచున్నారో, సొరుగు లోపలికి నెట్టుచున్నారో గమనింపుడు. నగిషీకి తగినదో కాదో వారే తేల్తురు; మీరు తేల్చునది కాదు. నా మూడవ చాకును ఒక మహర్నవమినాడు, నేను చెప్పకయే, మా అమ్మ కడిగి తుడిచి కత్తిపీట సరసన ఆయుధపూజలో పెట్టి బొట్టు పెట్టినది. దానిమీద నేటివరకు ఆ కుంకుమ తప్ప మరియొక నగిషీ లేదు.